జీతం లేని ఇంటర్న్‌షిప్: పాలసీ చదివే మన పిల్లల ఖర్చు ఎవరిది?

పబ్లిక్ పాలసీలో పీజీ సీటు వచ్చిందనగానే ఫీజు ఎంత, హాస్టల్ దొరుకుతుందా అని అడుగుతాం. ఇంటర్న్‌షిప్ రోజుల్లో ఢిల్లీలో గది అద్దె ఎవరు కడతారని మాత్రం అడగం. చాలా కోర్సుల్లో ఇంటర్న్‌షిప్‌కో, ఫీల్డ్‌వర్క్‌కో క్రెడిట్లు ఉంటాయి. అది పూర్తి కాకపోతే డిగ్రీ రాదు.

నీతి ఆయోగ్‌నే తీసుకుందాం. ఇక్కడ ఇంటర్న్‌షిప్ కనీసం ఆరు వారాలు, గరిష్ఠంగా ఆరు నెలలు. పీజీ విద్యార్థికి డిగ్రీలో 70 శాతం మార్కులు ఉండాలి. స్టైపెండ్ లేదు. ల్యాప్‌టాప్ కూడా మనమే తెచ్చుకోవాలి. జీతం లేకుండా నెలన్నర ఢిల్లీలో బతకగలిగినవాళ్లకే ఆ తలుపు తెరుచుకుంటే, లోపల ఎస్సీ సబ్‌ప్లాన్ నిధుల మాట ఎత్తేదెవరు? ఆ నిధుల కోసం ఉమ్మడి రాష్ట్రంలో 2013లో చట్టమే తెచ్చుకున్నవాళ్లం మనం.

డబ్బులిచ్చేవీ ఉన్నాయి, కానీ తక్కువ. విదేశాంగ శాఖ నెలకు 10,000 రూపాయలు, ఢిల్లీకి విమాన ఛార్జీ ఇస్తుంది. మహిళా శిశు సంక్షేమ శాఖ పథకంలో నెలకు 20,000, ప్రయాణ ఖర్చు, హాస్టల్ వసతి ఉన్నాయి. అయితే అది పెద్ద నగరాల బయటి మహిళలకే. మన ఊళ్ల ఆడపిల్లలు తప్పక చూడాల్సింది ఇదే. 2024లో ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకం కూడా వచ్చింది. మొదలైనప్పటి నిబంధనల్లో ఫుల్‌టైమ్ చదువుతున్నవాళ్లకు దానిలో అర్హత లేదు.

ఇక స్కాలర్‌షిప్పులు. కుటుంబ ఆదాయం రెండున్నర లక్షల లోపుంటే పోస్ట్‌మెట్రిక్ వస్తుంది. ఎనిమిది లక్షల లోపుంటే, మీ సంస్థ జాబితాలో ఉండి సీటు మిగిలితే, టాప్‌క్లాస్ స్కాలర్‌షిప్ ఉంది. ఇందులో ట్యూషన్ ఫీజు కాక మొదటి ఏడాది 86,000, తర్వాత ఏడాదికి 41,000 రూపాయలు. చిక్కంతా ఆ తగ్గుదలలోనే. ఇంటర్న్‌షిప్ సాధారణంగా మొదటి ఏడాది చివరి వేసవిలోనో, రెండో ఏడాదిలోనో పడుతుంది. అంటే ఖర్చు పెరిగే వేళకు సాయం సగానికి దిగిపోతుంది. మొదట ఇచ్చిన దాంట్లో కంప్యూటర్ ఖర్చూ కలిసే ఉందని లెక్క చెబుతారు. ఆ లెక్కలో ఢిల్లీ అద్దె ఎక్కడా లేదు.

ఫీజు మాఫీ ఒక్కటే చాలదని టిస్ విద్యార్థులు 2018లోనే చెప్పారు. పోస్ట్‌మెట్రిక్ విద్యార్థులకు హాస్టల్, భోజనం ఖర్చుల సాయం తీసేసినందుకు ఆ ఫిబ్రవరిలో హైదరాబాద్ సహా నాలుగు క్యాంపస్‌లు తరగతులు బహిష్కరించాయి.

అందుకే చేరేముందే కోర్సు కోఆర్డినేటర్‌ను సూటిగా అడగండి: ఎన్ని వారాలు? సొంత జిల్లాలో చేస్తే ఒప్పుకుంటారా? సంస్థ దగ్గర ప్రయాణ నిధి ఉందా? అడగడం నామోషీ కాదు. పాలసీ పరిశోధన ఢిల్లీలోనే జరగదు. హైదరాబాద్‌లో బేగంపేటలో సెస్, రాజేంద్రనగర్‌లో జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థ ఉన్నాయి. ఇంటి నుంచి వెళ్లి రాగలిగితే అద్దె మిగులుతుంది.

ఇంకో మాట. తెలుగు రాష్ట్రాల్లో ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు 75 శాతం హాజరు చూస్తారు. ఇంటర్న్‌షిప్ రోజులు హాజరులో కలుస్తాయని డిపార్ట్‌మెంట్ నుంచి ముందే లేఖ రాయించుకుని, ఒక కాపీ మీ దగ్గర ఉంచుకోండి.