జీపు ముందర ఫోకస్ లైట్లు – వాటి ఎనుక కథ

పోయిన వారం నా పాత జీపు ఫొటో పెడితే పక్కనున్న మక్కచేను గురించి ఒక్కరూ అడగలే. అందరి కండ్లు బంపర్ మీది రెండు ఫోకస్ లైట్ల మీదనే పడ్డయి. ఎన్ని వాట్లు, బ్యాటరీ దిగదా, పోలీసోళ్లు పట్టరా అని అడిగిన్రు. ఒక తమ్ముడైతే "కాకా, అంత పైసలు పెట్టి లైట్లు కొని వాటికి నల్ల సంచులు ఎందుకు కప్పినవ్?" అన్నడు. ఒక్క ముక్కలో చెప్పేది కాదు. పోస్టు పొడుగైతది, ఓపికుంటే చదవండి.

జీపు పుట్టిందే యుద్ధం కోసం. 1940లో అమెరికా సైన్యం తేలికపాటి, నాలుగు చక్రాలూ లాగే బండి కావాలని అడిగింది. బాంటమ్ అనే చిన్న కంపెనీ ముందుగా చేసి చూపిస్తే, ఆ తర్వాత విల్లీస్, ఫోర్డు కలిసి 6 లక్షలకు పైగా తయారు చేసినయి. ఆ విల్లీస్ ఎంబీ జీపుల కరెంటు 6 వోల్టులే. దాని హెడ్‌లైట్ల సంగతి నాకు బాగా నచ్చింది. రెక్కల నట్టు వదులు చేసి లైటును ఎనుకకు తిప్పితే ఇంజను మీద పడేది. రాత్రి అడవిలో బండి ఆగితే టార్చి పట్టుకునే మనిషి అక్కరలేదు. ఇయ్యాల లక్షలు పెట్టి కొన్న బండ్లకు గూడ ఆ తెలివి లేదు.

ఎడమ మడ్‌గార్డు మీద ఇంకో లైటు ఉండేది. జీపుకు పెట్టిన మొదటి ఎక్‌స్ట్రా లైట్లలో అదొకటి. కానీ అది ఎక్కువ కనబడేందుకు కాదు. పైన తిరిగే శత్రువు విమానానికి కనబడకుండ, ముందున్న నేల మీద మసకగా కొంచెం వెలుతురు పడేటట్టు పైన మూత పెట్టి చేసిన్రు. అంటే జీపు లైటు వెలుగు ఇయ్యడమే కాదు, దాచుడు గూడ మొదట్నే నేర్చుకున్నది. ఈ మాట యాదిలో పెట్టుకోండి, మళ్లా వస్త.

మన దేశానికి వస్తే, 1945లో లూధియానాలో మహీంద్రా అండ్ మహమ్మద్ అని ఉక్కు వ్యాపారం మొదలైంది. దేశం రెండు ముక్కలైనంక మహమ్మద్ గారు పాకిస్తాన్ పోయి అక్కడ మొదటి ఆర్థిక మంత్రి అయిన్రు. 1948లో కంపెనీ పేరు మహీంద్రా అండ్ మహీంద్రా అయింది. విల్లీస్ దగ్గర విడిభాగాలు తెప్పించి బొంబాయిలో బిగించుడు మొదలుపెట్టిన్రు. 1952లో సమాజ వికాస కార్యక్రమం వచ్చినంక బీడీవో జీపు అంటే ఊర్లల్ల సర్కారే నడిచొచ్చినట్టు ఉండేది. ఆఫీసుల పాత జీపులు వేలంలో రైతుల చేతికి వచ్చినయి. 1980లల్ల ప్యూజో డీజిల్ ఇంజనుతో ఎంఎం 540 వచ్చింది. నాది అదే, మూడో చేతిది.

ఈ లైట్లకు ఒక చెడ్డపేరు గూడ ఉన్నది. ఎనుకట షికారు జీపులకు తిప్పే సర్చిలైటు ఉండేది. దుప్పి కండ్లల్ల వెలుతురు కొడితే అది కదలక నిలబడిపోతది, అప్పుడు తుపాకి పేల్చేటోళ్లు. 1972లో వన్యప్రాణి చట్టం వచ్చింది, మన పక్కనున్న కవ్వాల్ 2012లో పులుల రిజర్వు అయింది. అందుకే అడవి దారిల ఫోకస్ లైట్లతోని బండి కనబడితే ఫారెస్టోళ్లు ఆపి అడుగుతరు. ఆపితే కోపానికి రాకండి, వాళ్ల అనుమానం ఊరికే పుట్టింది కాదు. 1989 మోటారు వాహన రూల్సుల గూడ స్పాట్ లైటు, సర్చిలైటు బండి ముందర పెట్టొద్దనే ఉన్నది. ప్రత్యేక అవసరముంటే ముందుగాల రిజిస్ట్రేషన్ అధికారి అనుమతి తీసుకోవాలె. ఏ లైటైనా 8 మీటర్ల దూరంలో ఉన్న మనిషి కండ్లు చెదిరేటట్టు ఉండొద్దు. "అందరూ పెట్టుకుంటున్నరు గదా" అనేది జవాబు కాదు. కవరు కప్పితే రూలు ఒప్పుకున్నట్టు గూడ కాదు.

మరి నేనెందుకు పెట్టిన? పందుల కోసం. మక్క పాలుపోసుకునే రోజుల్ల అడవిపందుల మంద దిగితే తెల్లారేసరికి అర ఎకరం నేలమట్టం. జీపు పాత హెడ్‌లైట్లు దీపాల లెక్క ఉండె. మంచు, దాని మీద బొగ్గు దుమ్ము, గట్టు ఎక్కడున్నదో కనబడకపోయేది.

మొదటిసారి 100 వాట్ల బల్బులు రెండు, సన్న వైరుతోని హెడ్‌లైటు స్విచ్చిలకే కలిపి ఇచ్చిన్రు. నేనూ అడగలే. మూడో రాత్రి డ్యాష్‌బోర్డు కింద ప్లాస్టిక్ కాలిన వాసన, తర్వాత పొగ. ఉరికి బ్యాటరీ వైరు పీకకపోతే బండి బూడిదే. లెక్క చూడండి. రెండు వందల వాట్లను 12 వోల్టులతోని భాగిస్తే 16 ఆంపులు దాటుతది. ఆ స్విచ్చి, ఆ వైరు ఎట్ల ఆగుతయి?

మన మోటరు స్టార్టరు యాదికి తెచ్చుకోండి. బటన్‌ల పారే కరెంటు తక్కువే, కాయిల్ గుంజుకుంటే పెద్ద కరెంటు వేరే దారిల మోటరుకు పోతది. జీపుల రిలే అదే పని చేస్తది. దాని మీద 30, 87, 86, 85 అని నంబర్లు ఉంటయి. 30కి బ్యాటరీ నుంచి ఫ్యూజు ద్వారా మందపు వైరు. ఆ ఫ్యూజు బ్యాటరీకి జానెడు దూరంలనే ఉండాలె. 87 నుంచి లైట్లకు, 86కు స్విచ్చి, 85 ఎర్తు. ఎర్తు వైరు పెట్టే కాడ రంగు గీకి, తళతళలాడే ఇనుముకు బిగించాలె. ట్రాన్స్‌ఫార్మరు దూరమై వైరు సన్నదైతే మోటరు మూలిగినట్టే, బల్బు కాడ వోల్టేజీ పదోవంతు తగ్గితే వెలుతురు దాదాపు మూడోవంతు పోతది. చాలామంది బల్బు పెద్దది చేస్తరు, నిజానికి మార్చాల్సింది వైరు. ఇప్పుడు నాయి 55 వాట్లవే. రెండూ కలిపి 9 ఆంపుల చిల్లర. మొదటి 100 వాట్ల వాటికంటే వీటితోనే బాగా కనబడుతున్నది.

హాలోజన్ బల్బు 1950లల్ల అమెరికాల తయారైంది. బల్బుల అయోడిన్ వంటి వాయువు పెడితే గాజు నల్లబడకుండ, తీగ ఎక్కువ కాలం ఆగింది. 1960లల్ల బండ్లకు వచ్చింది. గాజును ఉత్త చేతులతోని పట్టుకోకండి, చేతి జిడ్డు అంటిన కాడ వేడెక్కి పగులుతది. ఎల్‌ఈడీ పట్టీలు కరెంటు తక్కువ తింటయి, ఒప్పుకుంట. కానీ చవకవాటిల వెలుతురుకు గీత ఉండదు, ఆకాశానికీ చెట్టుకూ ఎదుటోని మొకానికీ ఒక్కతీరుగ కొడతది.

ఎదుటోని మొకం అంటే చెప్పాల్సిన ముచ్చట ఒకటున్నది. వైరింగ్ బాగు చేయించిన కొత్తల, ఒక రాత్రి చేను నుంచి రోడ్డెక్కిన. లైట్లు బంజేయలే, ఖుషీల ఉన్న. సెకండ్ షిఫ్టు దిగి వస్తున్న పిలగాడు బైకు మీద ఎదురయిండు. దారి కనబడక మోరీలకు పోయిండు. ఉరికి లేపిన. మోచెయ్యి చెక్కుకపోయింది, మోకాలికి నెత్తురు. తిడతడు అనుకున్న. వాడు మెల్లగ, "కాకా, బాయిల గూడ ఎవ్వడు ఇట్ల మొకం మీద లైటు కొట్టడు" అన్నడు.

నాకు మా బాపు యాదికొచ్చిండు. బాపు బాయి పని చేసుకుంటనే ఎవుసం చేసిండు. 1815లో డేవీ చేసిన జాలిదీపం కాలం పోయి నడుముకు బ్యాటరీ, టోపీకి లైటు వచ్చినయి. ల్యాంపు రూములనే లైటు తీసుకోవాలె, దిగినంక మళ్లా అక్కడనే అప్పజెప్పాలె. బాపు ఇంట్ల మాట్లాడేటప్పుడు గూడ తల పక్కకు వంచేటోడు. అవ్వ నవ్వేది. బాయిల ఎదుటి మనిషితోని మాట్లాడితే లైటు వాని కండ్లల్ల పడకుండ తల తిప్పుడు అలవాటట. ఆ చీకట్ల కండ్లు చెదిరితే మళ్లా సదురుకునేదాక అడుగు ఎక్కడ పడుతదో తెల్వదు.

ఆ పిలగాన్ని ఇంటికి దింపి వచ్చినంక నిద్ర పట్టలే. తెల్లారి లైట్లు బంపర్ కిందికి దించిన. గోడకు 25 అడుగుల దూరంల జీపు నిలబెట్టి, లైటు ఎత్తుకు గోడ మీద సుద్దతోని గీత గీసి, వెలుతురు దానికంటే జానెడు కిందికి పడేటట్టు వంచిన. స్విచ్చి వేరే పెట్టిచ్చి, దాని కాడ ఎర్ర బుడ్డి వెలిగేటట్టు చేయించిన, మర్చిపోకుండ. అనుమతి కోసం కాగితం పెట్టుకోవాలె, ఇంక పెట్టలే, అది నా తప్పే.

నల్ల సంచులు పాత రెగ్జిన్‌తోని మా ఇంటామె కుట్టింది. చేను గట్టు కాడ విప్పుత, రోడ్డెక్కే ముందు కప్పుత. తమ్మీ, నువ్వు అడిగినదానికి జవాబు ఇదే. వైరు ఏ సైజు వాడాల్నో అడిగినోళ్లు మీ బండి మోడలు రాయండి, పొద్దుగూకినంక చూసి చెప్త.