బోన్సాయ్‌కి ముఖం ఎటు?

బోన్సాయ్ చుట్టూ తిరిగి చూడొచ్చు. కానీ దాన్ని తీర్చిదిద్దేది ఒక వైపు నుంచి చూడటానికే. జపాన్ పెంపకందారులు వాడే మాటల్లో చాలావాటికి ఆ చూసే మనిషే కేంద్రం.

షోమెన్: చెట్టు ముఖం. కొమ్మ కోయకముందే, తీగ చుట్టకముందే అది ఎటో తేల్చుకుంటారు. కింది భాగంలో మాను కనబడాలి కనుక అక్కడ మన మీదికి పొడుచుకొచ్చే కొమ్మను ఉంచరు. కుడికీ ఎడమకీ కొమ్మలు, లోతు కోసం వెనక కొన్ని. పైకొన మాత్రం రవ్వంత ముందుకు వాలుతుంది, ఎదురైన పెద్దమనిషి తల వంచి పలకరించినట్టు.

నెబారి: మట్టి మీద మాను చుట్టూ పరుచుకున్న వేళ్లు. మేపుల్‌లో వీటికి పట్టింపు ఎక్కువ. కుండీ మార్చినప్పుడల్లా కిందికి దిగే వేళ్లు కోసి, పక్కలకు పోయేవాటిని సర్దుతారు. మన నర్సరీల్లో బోన్సాయ్ పేరుతో అమ్మే ఫైకస్‌ల దుంపవేళ్లు నెబారి కిందికి రావు.

జిన్, షారి: బెరడు పోయి తెల్లబడ్డ ఎండుకొమ్మ జిన్, మాను మీద అలా బయటపడ్డ కలప షారి. షిన్‌పాకు అనే జూనిపర్‌లో ఇవి ముఖ్యం. నీగాతాలోని ఇతోయిగావా ప్రాంతపు కొండచరియల్లో మంచు విరిచి, గాలి ఒలిచి, చావనివ్వకుండా వదిలిన చెట్లు వీటికి నమూనాలు. వాటి కోసం ఒకప్పుడు మనుషులు తాళ్లు కట్టుకుని చరియల మీద వేలాడారు. చెట్టు బతికేది మిగిలిన సన్నని బెరడు పట్టీతోనే. దాని పేరు మిజుసుయి. ఏ పట్టీ ఏ కొమ్మను పోషిస్తోందో చూసుకోకుండా ఉలి పెడితే ఆ కొమ్మ ఎండిపోతుంది. బయటపడ్డ కలపకు గంధకం, సున్నం కలిపిన ద్రావణం పూస్తారు. అది కుళ్లు ఆపుతుంది, తెల్లదనమూ ఇస్తుంది. బతికున్న పట్టీని బ్రష్‌తో రుద్దితే ఎర్రగా తేలుతుంది. ఇక ఆ తెలుపు ఎరుపుల మీదే చూపు నిలుస్తుంది. జపాన్ బోన్సాయ్ కళాకారుడు మసహికో కిముర కరెంటు పనిముట్లతో చెక్కడం మొదలుపెట్టాక ఈ పని సాహసోపేతమైంది. ఆయన నేర్పును కాదనను. కానీ అనుకరించేవాళ్ల చేతుల్లో సుడులన్నీ ఒకే లోతులో తిరుగుతాయి. గాలి అంత లెక్కగా పనిచేయదు.

మొచికోమి: కుండీలో గడిచిన ఏళ్లు చెట్టుకు తెచ్చే పెద్దరికం. ముదిరిన బెరడు, సన్నగా చీలిన రెమ్మలు. తీగతో వంపు వస్తుంది, ఇది రాదు.

కజారి: ప్రదర్శనకు అమర్చడం. తొకోనోమా అనే గూటిలో వేలాడే చిత్రపటం, పీట మీద చెట్టు, పక్కన షితాకుసా అనే చిన్న గడ్డిమొక్క కుండీ. చెట్టు ఎటు వాలితే ఆ వైపు ఖాళీ ఎక్కువ వదిలి, షితాకుసాను అక్కడ పెడతారు. చెప్పిందే చెప్పకూడదు: పూసిన ఉమే చెట్టు వెనక ఉమే పూల పటం తగదు, చంద్రుడో దూరపు కొండో చాలు. అలంకారంలో ఇంత పొదుపు అందరికీ చేతకాదు. పెళ్లిమంటపాలకు అలవాటుపడ్డ మన కళ్లకు మొదట వెలితిగానే తోస్తుంది.

కొకుఫు-తెన్: టోక్యోలోని ఉఎనోలో 1934లో మొదలైన ప్రదర్శన. ఇప్పుడు జరిపేది నిప్పోన్ బోన్సాయ్ సంఘం, ఫిబ్రవరిలో. ఆకురాల్చే చెట్లకు ఇది పరీక్షే. కేయాకి, మేపుల్ మోడుగా నిలబడతాయి. పాత కోతల మచ్చలూ, లావుగా మిగిలిన రెమ్మలూ దాచడానికి ఆకు ఉండదు. యజమానులు ప్రదర్శనకు ముందు మట్టి మీద నాచు పరుస్తారు, అవసరమైతే చెట్టును పాత చైనా కుండీలోకి మారుస్తారు. సూదాకు చెట్లకు మెరుగు లేని మట్టికుండీ, పూలచెట్లకు మెరుగు కుండీ వాడటం రివాజు.

షోహిన్: సుమారు 20 సెంటీమీటర్ల లోపు చెట్లు. వీటిని ఒంటరిగా కాక అరల బల్ల మీద కలిపి చూపిస్తారు. పై అర సాధారణంగా నల్ల పైన్‌ది, పూలూ కాయలూ ఉన్నవి కింద. ఇక్కడ ఒక్కో చెట్టుకు ముఖం ఉంటే చాలదు. అన్నీ లోపలికి చూస్తూ ఒకే గుంపుగా కనబడాలి.