ఫిజీలో తెలుగువారు

ఫిజీ దక్షిణ పసిఫిక్ మహాసముద్రంలోని ద్వీప దేశము. ఇక్కడి తెలుగువారిలో అత్యధికులు గిర్మిట్ (ఒప్పంద) కూలీల సంతతి.

చరిత్ర

చెరకు తోటల పనికై కూలీలతో మొదటి నౌక 1879లో కలకత్తా నుండి ఫిజీ చేరింది. మద్రాసు రేవు నుండి వలస 1903లో మొదలై 1916 వరకు సాగింది. ఆ రేవు నుండి సుమారు 15,000 మంది వెళ్ళారు. వారిలో తెలుగువారు, తమిళులు, మలయాళీలు ఉన్నారు. 1941లో తెలుగువారు దక్షిణ ఇండియా ఆంధ్ర సంగం స్థాపించుకున్నారు.

బంధువుల అన్వేషణ

ప్రతి కూలీ వలస పాసుపై తండ్రి పేరు, జిల్లా, తాలూకా, గ్రామం వ్రాసేవారు. ఈ పత్రాలు రాజధాని సువాలోని జాతీయ అభిలేఖాగారంలో ఉన్నాయి. వీటిలో ప్రకాశం జిల్లా కనిపించదు. అది 1970లో ఏర్పడింది. ఒంగోలు తాలూకా 1904 వరకు నెల్లూరు జిల్లాలోను, తరువాత గుంటూరు జిల్లాలోను ఉండేది. గుంటూరు, బాపట్ల, నరసరావుపేటలు 1904కు పూర్వం కృష్ణా జిల్లాలోనివి. కనుక వెతికేవారు పూర్వీకులు వెళ్ళిన సంవత్సరము, ఆనాటి జిల్లా, తాలూకా పేర్లు ముందుగా నిర్ధారించుకొనవలెను.

ప్రయాణం

సింగపూరు లేదా హాంకాంగ్ మీదుగా నాడి (ఉచ్చారణ: నాండి) విమానాశ్రయం చేరవచ్చును. నాడి పశ్చిమ తీరాన, సువా ఆగ్నేయ తీరాన ఉన్నాయి. మధ్య బస్సు సౌకర్యం ఉంది. నవంబరు నుండి ఏప్రిల్ వరకు తుఫానుల కాలం. కావున మే, అక్టోబరు మధ్య వెళ్ళుట మేలు.