ప్రళయ కావేరి ఒడ్డున వాటాల కథ

మన సంఘం ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర విషయం రాయమని కార్యదర్శిగారు కోరారు. మా తడ పక్కనున్న ప్రళయ కావేరి, అనగా పులికాట్ సరస్సు, దక్షిణపు కొసన ఉన్న పళవేర్కాడు రేవు సంగతి విన్నవిస్తాను. పదవీ విరమణ సొమ్ము చూసుకుని బతికే మనబోటి వారికి అది పరాయి కథ కాదు.

1602లో హాలండులో డచ్చి ఈస్టిండియా కంపెనీ పుట్టింది. సామాన్యుల వద్ద కూడా వాటాలు పోగుచేసి సుమారు 64 లక్షల గిల్డర్ల మూలధనం కూడగట్టారు. ఆమ్‌స్టర్‌డామ్‌లో ఒక డైరెక్టరుగారి ఇంటి పనిమనిషి సైతం 100 గిల్డర్ల వాటా రాయించుకుంది. ఆ కంపెనీయే 1610లో పళవేర్కాడులో వర్తకశాల పెట్టి, 1613లో గెల్డ్రియా కోట కట్టింది. 1690లో నాగపట్టణానికి మారేవరకు కోరమాండల్ తీరానికంతకూ అదే దాని ముఖ్యస్థానం.

వ్యాపారం నడిచిన తీరు చూడండి. వర్తకుల ద్వారా నేతవారికి ముందుగా బయానా ముట్టాలి. బట్ట తయారవ్వాలి. గాలి అనుకూలించే ఋతువు దాకా ఓడ ఆగాలి. ఆ బట్టలు తూర్పు దీవులకు పోయి, అక్కడ జాపత్రి, లవంగాలుగా మారి, అవి హాలండు చేరాలి. ఒక విడత సొమ్ము తిరిగి రావడానికి ఏళ్ళు పట్టేది. వాటాదారులకు మొదటి డివిడెండు 1610లో గాని అందలేదు. అదీ నగదు కాదు, ఎక్కువ భాగం జాపత్రి, మిరియాలు! మన డి.ఏ. బకాయిలు అలా ఇస్తే ట్రెజరీ ముందు ఏమయ్యేదో.

ఓపిక పట్టలేనివారు అప్పుడూ ఉన్నారు. 1609లో ఐజాక్ లెమేర్ అనే వర్తకుడు, ఆయన జట్టు తమ వద్ద లేని వాటాలను కూడా అమ్మి, ధర పడితే లాభం గుంజాలని చూశారు. 1610లో అక్కడి ప్రభుత్వం అటువంటి అమ్మకాలను నిషేధించింది. వారు నష్టపోయారు.

కంపెనీని మెచ్చుకోవడం నా ఉద్దేశం కాదు. ఈ రేవు నుంచే మనుషుల్ని బానిసలుగా ఓడలెక్కించారు. బయానాకు కట్టుబడి మగ్గం ముందు కూర్చున్నవాని ఓపికకు డివిడెండు లేదు.

ఇదంతా నేను చదువుకున్నది ఆలస్యంగా. 1993లో మా తీరమంతా టైగర్ రొయ్యల గుంటలు తవ్వుతున్నప్పుడు మా బావమరిది గుంటలో కొంత పెట్టాను. మొదటి పంటకే రెట్టింపయింది. అసలైనా వెనక్కి తీసుకోక, జీపీఎఫ్ అడ్వాన్సు కూడా తీసి మరుసటి పంటలో పోశాను. 1994లో తెల్లమచ్చ తెగులు వచ్చింది. వారం తిరక్కుండా గుంట ఖాళీ.

ఇప్పుడు మా మనవడు సెల్‌ఫోనులో ఆప్షన్లు కొంటున్నాడు. 2021-22లో ఫ్యూచర్స్, ఆప్షన్ల వ్యాపారం చేసిన వ్యక్తుల్లో నూటికి 89 మంది నష్టపోయారని 2023లో సెబీ లెక్క చెప్పింది. ఆ కాగితం చూపిస్తే, ‘మిగిలిన పదకొండు మందిలో నేనుంటాను తాతయ్యా’ అన్నాడు. వాడికి కోటల చరిత్ర చెప్పలేదు, గుంట సంగతే చెప్పాను. ఆ అడ్వాన్సును 36 వాయిదాల్లో కోసుకున్నారు. మా ఆఫీసులో జీతాల బిల్లు రాసే గుమాస్తాను నేనే. నా పేరు ఎదుట ఆ కోతను మూడేళ్ళపాటు నెలనెలా నా చేత్తోనే రాసుకున్నాను.