కంప్యూటర్ ముందు కళ్ల మంటా? మూలికా చుక్కలు వేసుకునే ముందు ఇవి తెలుసుకోండి

రోజంతా కంప్యూటర్, సెల్‌ఫోన్ చూసేవారికి సాయంత్రానికల్లా కళ్లు మండటం, పొడిబారడం, మసకగా కనిపించడం, తలనొప్పి మామూలైపోయాయి. డాక్టర్లు దీన్ని కంప్యూటర్ విజన్ సిండ్రోమ్ అంటారు. ఇలాంటప్పుడు చాలామంది మెడికల్ షాపులో ఆయుర్వేద, యునానీ కంటి చుక్కలు కొనుక్కుంటారు. మూలికలే కదా, నష్టమేముంది అనుకుంటారు. అక్కడే జాగ్రత్త అవసరం.

అసలు కారణం ఏమిటి?

మామూలుగా నిమిషానికి 15 సార్ల వరకు రెప్ప వేస్తాం. స్క్రీన్ చూస్తున్నప్పుడు అది సగానికో, అంతకన్నా తక్కువకో పడిపోతుంది. రెప్ప వేసినప్పుడే కన్నీటి పొర కంటిపై పరుచుకుంటుంది. అది ఆరిపోతే మంట, దురద మొదలవుతాయి. గంటలకొద్దీ దగ్గరగా చూడటంతో కంటి లోపలి కండరం కూడా అలసిపోతుంది.

చుక్కలతో ఎంత మేలు?

మూలికా చుక్కల్లో ఎక్కువగా త్రిఫల, తులసి, పసుపు, గులాబీ, తేనె, కర్పూరం వంటివి ఉంటాయి. కంటికి తడి తగిలి కాసేపు హాయిగా ఉంటుంది. కర్పూరం ఉంటే చల్లగా అనిపిస్తుంది. కానీ చల్లదనం వేరు, సమస్య తగ్గడం వేరు. చుక్కలు చూపును పెంచవు, అద్దాల నంబరు తగ్గించవు. కన్ను పొడిబారితే డాక్టర్లు సాధారణంగా ముందు రాసేది కృత్రిమ కన్నీళ్ల చుక్కలే.

ఈ పొరపాట్లు వద్దు

- ఇంట్లో కాచిన మూలికల నీళ్లు, తేనె, వంటకు వాడే గులాబ్ జల్ కంట్లో వేయొద్దు. వాటిలోని సూక్ష్మక్రిములు నల్లగుడ్డును పాడుచేయవచ్చు.
- సుర్మాతో అలసట పోతుందనుకోవద్దు. కొన్ని రకాల్లో సీసం ఉంటుంది, పిల్లలకు అది మరీ ప్రమాదం.
- సీలు, లైసెన్స్ నంబరు, ఎక్స్‌పైరీ తేదీ చూసే కొనండి. తెరిచిన సీసాను లేబుల్‌పై రాసిన గడువు దాటాక పారేయండి. ఒకరి సీసా ఇంకొకరు వాడొద్దు.
- కాంటాక్ట్ లెన్సులు పెట్టుకుని ఈ చుక్కలు వేసుకోవద్దు.
- స్టెరాయిడ్ చుక్కలు డాక్టర్ రాయకుండా అస్సలు వద్దు. ఎక్కువకాలం వాడితే గ్లాకోమా, శుక్లాలు వచ్చే ప్రమాదం ఉంది.

ఖర్చు లేని ఉపాయం

ప్రతి 20 నిమిషాలకోసారి 20 అడుగుల దూరంలోని వస్తువును 20 సెకన్లపాటు చూడండి. గుర్తు పెట్టుకుని రెప్పలు నిండుగా వేయండి. స్క్రీన్ కళ్ల కన్నా కొంచెం కిందకు, చేయి చాపినంత దూరంలో ఉండాలి. ఏసీ, ఫ్యాన్ గాలి నేరుగా ముఖానికి తగలకూడదు. 40 దాటినవారికి ఇది చత్వారం కావచ్చు, పిల్లలకైతే అద్దాలు అవసరమై ఉండవచ్చు. పరీక్ష చేయిస్తేనే తెలుస్తుంది.

నొప్పి, చీము, ఉన్నట్టుండి చూపు తగ్గడం, వెలుతురు చూడలేకపోవడం ఉంటే చుక్కలతో కాలయాపన చేయకుండా అదే రోజు కంటి ఆస్పత్రికి వెళ్లండి. హైదరాబాద్‌లో మెహదీపట్నం సరోజినీ దేవి ప్రభుత్వ కంటి ఆస్పత్రి అందుబాటులో ఉంది.