స్థూణాకర్ణుడి కథ మనకెందుకు చెప్పలేదు?

మా చింతమడకలో ఒగ్గు కథ పెట్టినప్పుడు, గొల్ల కేతమ్మ మాట వచ్చేసరికి కథకుడు భుజమ్మీది కండువా తల మీదికి లాక్కునేవాడు. అంతే, నడక మారేది, గొంతు మారేది, నడుమ్మీద చెయ్యేసి మల్లన్నను నిలదీసేవాడు. మీసం అట్లనే ఉండేది. మా అవ్వ మాత్రం "ఇగో, కేతమ్మ వచ్చింది" అనేది. మగపిల్లాడి పేరుతో పెరుగుతున్న ఆడపిల్లను నేను. నా కళ్లన్నీ ఆ కండువా మీదే.

కొమురవెల్లి జాతరలో చీర కట్టి, ముఖానికి పసుపు పూసుకుని శిగమూగే శివసత్తుల్లో మావాళ్లూ ఉంటారు. అక్కడ జనం వాళ్ల కాళ్లు మొక్కుతారు. జాతర దాటితే అదే మనిషికి కిరాయికి ఇల్లు దొరకడం కష్టం.

ఈ రెండు నాల్కలకు మన గడ్డ మీద చట్టం కూడా తోడైంది. నపుంసకుల పేరిట నిజాం రాజ్యంలో 1329 ఫసలీలో, అంటే 1919 ప్రాంతంలో, ఒక చట్టం వచ్చింది. బ్రిటిష్ వాళ్లు 1871లో తెచ్చిన నేరస్థ తెగల చట్టానిదే దాని పోలిక. అనుమానం ఉన్నవాళ్ల పేర్లు పోలీసు రిజిస్టరుకెక్కుతాయి. అట్లా పేరెక్కిన మనిషి ఆడబట్టలతో వీధిలో కనబడ్డా, పదిమందిలో ఆడినా పాడినా వారంటు లేకుండా పట్టుకోవచ్చు, రెండేళ్ల దాకా జైలు. పదహారేళ్లలోపు మగపిల్లాడు ఇంట్లో ఉన్నా అదే శిక్ష. పక్కన కూర్చోబెట్టుకుని కథ చెప్పడానికి ఒక పిల్లాడు ఉండటమే నేరమన్నమాట. కండువా కప్పుకున్న కథకుడికి ఊరు వడ్లు కొలిచింది. కప్పుకున్నది తీయలేని మనిషికి సర్కారు సంకెళ్లు చూపించింది.

నిజాం పోయినా, రాష్ట్రాలు మారినా ఆ చట్టం పుస్తకాల్లోంచి కదల్లేదు. వైజయంతి వసంత మొగ్లి, మరికొందరు 2018లో హైకోర్టుకెక్కితే, 2023 జూలై 6న తెలంగాణ హైకోర్టు దాన్ని కొట్టేసింది. తన లింగమేదో చెప్పుకునే హక్కు మనిషిదేనని సుప్రీంకోర్టు 2014లోనే అన్నది.

చట్టం పోయింది కానీ పిల్లలకు మనం కథ చెప్పే తీరు మారలేదు. బృహన్నల కథ ఎత్తుకుంటే గాండీవం దాకా ఒకటే పరుగు. విరాటుని కొలువులో ఉత్తరకు ఆటాపాటా నేర్పిన ఆ ఏడాదికి రెండు వాక్యాలు. శిఖండికి ఒక్కటే వాక్యం: అంబ మళ్లీ పుట్టింది, భీష్ముడు విల్లు దించాడు.

ఉద్యోగపర్వంలో ఆ కథను భీష్ముడే వివరంగా చెప్తాడు. శిఖండినిని కొడుకుగా పెంచి దశార్ణ రాజు బిడ్డతో పెళ్లి చేశారు. సంగతి బయటపడింది, మామ దండెత్తడానికి సిద్ధమయ్యాడు. తల్లిదండ్రుల బాధ చూడలేక ఆ పిల్ల చావడానికి అడవికి పోయింది. అక్కడ ఒక యక్షుడి ఇల్లు, సున్నం పూసిన గోడలు, పేలాల పొగ వాసన. ఆ యక్షుడే స్థూణాకర్ణుడు. ఏడుస్తున్న పిల్లను చూసి, కొంతకాలానికని తన మగతనం ఇచ్చి ఆమె ఆడతనం తాను తీసుకున్నాడు. ఈలోపు కుబేరుడు వచ్చాడు. ఆడరూపంతో ఎదుటికి రావడానికి స్థూణాకర్ణుడు సిగ్గుపడి లోపలే ఉండిపోతే, అట్లనే ఉండమని శపించాడు. యక్షులు బతిమాలితే శిఖండి చచ్చేదాకా అని గడువు పెట్టాడు. అన్నమాట ప్రకారం శిఖండి తిరిగొస్తే, జరిగింది చెప్పి స్థూణాకర్ణుడు అతణ్ణి సాగనంపాడు.

ఇది చదివేనాటికి నాకు ఇరవై దాటాయి. చావాలని అడవికి పోయిన పిల్లకు ఒక తలుపు తెరుచుకుందని పదేళ్లప్పుడే ఎవరైనా చెప్పి ఉంటే, ఎన్ని రాత్రులు నిద్రపోయేదాన్నో!

ఇప్పుడు మా వాడకట్టు పిల్లలకు ఈ కథ నేనే చెప్తున్నాను. "మరి శిఖండి చచ్చేదాకా ఆ యక్షుడు ఏం చేసిండు అక్కా?" అని ఒక పిల్ల అడిగింది. భారతం చెప్పని ఆ ఏళ్ల కథను పిల్లల కోసం మా ఊరి మాటల్లో నేను రాస్తున్నాను.