బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి: మధ్యలో ‘మనోడు’

పాత కరీంనగర్ జిల్లా బతుకుదెరువు గురించి ఒక మాట ఉంది: బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి. ప్రాస బాగా కుదిరింది కాబట్టి అందరూ వాడతారు, నేనూ వాడతాను. కానీ ఆ మాట ఎక్కడికి పోయారో చెబుతుంది గానీ ఎట్లా పోయారో చెప్పదు. మా కోరుట్ల దిక్కు ఆ ‘ఎట్లా’కు ఒకటే జవాబు: అక్కడ మనోడు ఒకడున్నడు.

ఈ మనోడు మేనమామ కావచ్చు, బావమరిది కావచ్చు, కులపోడు కావచ్చు, పక్క ఊరోడైనా కావచ్చు. వలసల మీద రాసినవాళ్లు కరువు, అప్పులు, ఏజెంట్ల మోసాల గురించి చాలా రాశారు. మనోడిని మాత్రం ఒక వాక్యంలో దాటేస్తారు. నాకు అసలు కథ అక్కడే ఉందనిపిస్తుంది.

1970ల దాకా జగిత్యాల, సిరిసిల్ల పల్లెల్లో పని అంటే చాలామందికి దొర పొలం, దొర ఇల్లు. అందులో కొంత కూలి, కొంత వెట్టి. ఆ పెత్తనం మీద రైతుకూలీలు తిరగబడ్డారు. 1978 సెప్టెంబర్‌లో జగిత్యాల జైత్రయాత్ర జరిగింది. అక్టోబర్‌లోనే జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. ఊళ్లల్లో పోలీసు క్యాంపులు, కేసులు, రాత్రిపూట సోదాలు. అటు 1973లో చమురు ధరలు పెరిగి గల్ఫ్ దేశాల్లో రోడ్లు, మేడలు లేస్తున్న కాలం కూడా ఇదే. వయసులో ఉన్న మగపిల్లగాడిని ఊరు దాటించడమే మేలని ఎన్నో ఇండ్లు అనుకున్నాయి. దాటించాలంటే అవతల ఎవరో ఒకరు ఉండాలి కదా. దొర దగ్గర చేతులు కట్టుకుని అడగాల్సిన పనిని ఇప్పుడు మేనమామను అడగొచ్చు. అది చిన్న మార్పు కాదు. పరిచయంతో ఉద్యోగం అనగానే మనం పైరవీ అని ముఖం చిట్లిస్తాం గానీ, ఆ తరానికి అది దొర గడి నుంచి బయటపడే తొవ్వ.

బొంబాయిలో మనోళ్లు అప్పటికే పాతవాళ్లు. కామాటిపురాకు ఆ పేరు వచ్చిందే తెలుగు కామాటి కూలీల వల్ల. అక్కడి బట్టల మిల్లుల్లో ‘జాబర్’ అనేవాడు ఉండేవాడు. యజమానికి కూలీలను తెచ్చేది అతనే, పని చేయించేది అతనే, తీసేయించేదీ అతనే. తన ఊరివాళ్లను, తన వాళ్లను పెట్టించుకుని వాళ్ల దగ్గరే దస్తూరీ గుంజేవాడు. 1931 నాటి రాయల్ కమిషన్ నివేదిక ఈ లంచాల గురించి గట్టిగానే రాసింది. సిరిసిల్ల పద్మశాలీలు భీవండి సాంచాల మీదికి పోయింది కూడా ఇట్లాంటి దారుల్లోనే, ఒకరి వెనుక ఒకరు. ముందు పోయినవాడి గదిలో చాప పరుచుకోవడం, వాడి పక్కన నిలబడి పని నేర్చుకోవడం, పనైనాక వాడి షిఫ్టులో చోటు. ఇటు సిరిసిల్లలోనూ సాంచె నడిపే కార్మికుడికీ నూలు ఇచ్చే యజమానికీ నడుమ ఆసామి ఉంటాడు. చాలాసార్లు ఆసామి కార్మికుడి కులపోడే, వాడకట్టువాడే. కూలి పెంచమని అడగడం అందుకే అంత కష్టం.

1973లోనే అమెరికాలో మార్క్ గ్రానొవెటర్ అనే సామాజికవేత్త ఒక వ్యాసం రాశాడు. ఉద్యోగం వెతుక్కునేటప్పుడు దగ్గరి స్నేహితుల కన్నా ముఖపరిచయం ఉన్నవాళ్లే ఎక్కువ అక్కరకొస్తారని అందులో వాదన. దగ్గరివాళ్లకు తెలిసింది మనకూ తెలిసే ఉంటుంది, దూరపువాళ్లే కొత్త కబురు తెస్తారు. వాదన బాగుంది. కానీ జగిత్యాలలో అది తలకిందులవుతుంది. ఇక్కడ కొరత కబురుకు కాదు, పూచీకి. దుబాయిలో పని ఉందని ఊరంతటికీ తెలుసు. వీసా కొనడానికి అప్పు ఇచ్చేదెవరు, దిగినాక మొదటి నెల అన్నం పెట్టేదెవరు అన్నదే ప్రశ్న. ముఖపరిచయం ఉన్నవాడు ఆ భారం ఎత్తుకోడు.

‘కఫీల్’ అన్న అరబ్బీ మాటకు అర్థం పూచీదారుడనే. వీసా కఫీల్ పేరు మీద ఉంటుంది, పనివాడి అకామా అతని చేతిలో ఉంటుంది. ఆజాద్ వీసా అని మనోళ్లు పిలిచే దాంట్లో కఫీల్ ఒకడు, పని ఇంకొకడి దగ్గర. ఏటేటా కఫీల్‌కు పైసలు కట్టాలి. ఇట్లాంటి వీసాను అక్కడున్న అన్న ఎవరినో బతిమిలాడి కొని తమ్ముడికి పంపుతాడు. అంటే తమ్ముడికి పూచీదారులు ఇద్దరు: కాయితం మీద అరబ్బు, ఇంట్లో అన్న. పని చెప్పినట్టు లేకపోతే, జీతం సగమే ఇస్తే, తమ్ముడు ఎవరి మీద ఫిర్యాదు చేయాలి? ఏజెంటైతే పోలీస్ స్టేషన్‌కు పోవచ్చు. అన్న మీద ఎట్లా పోతాడు? వదినతో ఇంట్లో ఆడవాళ్ల మాటలు బందైతాయి, పొలం పంచాయితీ లేస్తుంది, చెల్లె పెండ్లి ఆగుతుంది. అందుకే నోరు మూసుకుని చేస్తాడు, లేదంటే కల్లివెల్లి అయిపోయి కాయితాలు లేకుండా ఇంకోచోట పని వెతుక్కుంటాడు. యూఏఈ 2007లో క్షమాభిక్ష ప్రకటించినప్పుడు తిరిగొచ్చినవాళ్లలో ఇటువాళ్లు చాలామందే ఉన్నారు. వాళ్లందరినీ ఏజెంట్లే ముంచారనుకుంటే సగం కథే తెలిసినట్టు.

1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం లైసెన్సు ఉన్న ఏజెంట్లను గుర్తిస్తుంది. వాళ్లు ముప్ఫై వేలకు మించి సర్వీస్ ఛార్జీ తీసుకోకూడదని నిబంధన. ఆ లెక్కలో బావమరిదికి చోటు లేదు.

మరి మనోడు లేనివాళ్ల సంగతేమిటి? ఈ గొలుసులో మొదట అందుకున్న ఇంటివాళ్లే మళ్లీ మళ్లీ అందుకుంటారు. మొదటోడు పోనే పోని వాడకట్టుకు మనోడు ఎప్పటికీ తయారుకాడు, వాళ్లు ఎక్కువ పైసలు పోసి ఏజెంటు దగ్గరికే పోవాలి. ఆడవాళ్ల సంగతి ఇంకా సన్నటిది. కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్లల్లో మగవాళ్లు పోయిన ఇండ్లను బీడీలే నడిపాయి. అందులోనూ పేరు ఎక్కాలంటే టేకేదారు ఎరుక ఉండాలి. పేరు ఎక్కనివాళ్లు అత్త కార్డు మీదనో, పక్కింటామె కార్డు మీదనో చుట్టారు. 2015లో రాష్ట్ర ప్రభుత్వం బీడీ కార్మికుల పింఛన్ మొదలుపెట్టి పీఎఫ్ ఉన్నవాళ్లకే అన్నప్పుడు, అన్నేండ్ల చాకిరీ ఇంకొకరి పేరు మీద ఉన్నట్టు తేలింది.

బొగ్గుబాయి మాటకొస్తే, అక్కడ సంబంధమే నియమం. తండ్రి సింగరేణి ఉద్యోగం కొడుక్కి. కార్మికులు దాన్ని హక్కుగా అడిగారు, ప్రభుత్వం ఒప్పుకుంది, 2017లో హైకోర్టు అది సమానావకాశానికి విరుద్ధమని కొట్టేసింది. కోర్టు తర్కంలో తప్పు పట్టలేను. అదే తర్కంతో హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ కంపెనీల రెఫరల్స్‌ను ఎవరూ అడగరేమని మాత్రం అనిపిస్తుంది. నా వయసు వాళ్లకు లింక్డ్‌ఇన్‌లో “అన్నా, మీ కంపెనీలో రెఫర్ చేస్తరా” అని రాయడం సిగ్గు కాదు, నెట్‌వర్కింగ్. రెఫర్ చేసినవాడికి కంపెనీయే బోనస్ ఇస్తుంది. దుబాయి అన్నకు బోనస్ ఉండదు, తమ్ముడి మీద అప్పు, పేరు మీద నింద. ఎవరైనా అక్కడ చచ్చిపోతే శవపేటిక కోసం కంపెనీకీ రాయబార కార్యాలయానికీ తిరిగేది కూడా చాలాసార్లు వాడే.

రాష్ట్రానికి ఇప్పుడు టామ్‌కామ్ అనే సొంత రిక్రూటింగ్ ఏజెన్సీ ఉంది. జపాన్‌కు, జర్మనీకి నర్సులను పంపుతామని భాష కూడా నేర్పిస్తోంది. లైసెన్సు ఉంది, రశీదు ఇస్తారు, మోసం జరిగితే అడగడానికి ఒక ఆఫీసు ఉంది. అయినా మా దిక్కు ఆ ప్రకటన చూసిన తల్లిదండ్రులు మొదట అడిగేది జీతమెంతని కాదు. “అక్కడ మనోళ్లు ఎవరన్న ఉన్నరా బిడ్డా?” అని.